మూడు దినాల ముగ్గు

హిందూపురం బస్టాండు దగ్గర పార్కు కట్టబోయే ఖాళీ జాగా. ఆ పార్కు ప్లాను గీయడానికి ధర్మవరం నుంచి వచ్చిన భవ్య చేతిలో కాగితం. కానుగచెట్టు కింద చెనిక్కాయలు, అంటే వేరుశనగకాయలు, అమ్మే మారక్క ముందు బుట్ట.

"ఏం పాపా, మల్లా వచ్చినావా? మూడు దినాలుగా గొర్రెల్ని లెక్కపెట్టినట్ల మనుషుల్ని లెక్కపెడ్తాండావు. ఎవరన్నా తప్పిపోయినారా?"

"లెక్క అయిపోయింది మారక్కా. జనం యాడ నడుస్తారో ఆడ దారి, యాడ కూర్చుంటారో ఆడ అరుగు. నా ఇష్టమొచ్చినట్ల గీస్తే ఎవరూ వాడరు గదా."

"ఎండలో బెంచీలు మాత్రం వేయాకు తల్లీ. లేపాక్షి బస్సు కోసరం కాసుకునే ఆడోళ్లకు గుండ్రంగా కూర్చుంటేనే మాటలొస్తాయి."

"అందుకే అరుగు గుండ్రంగా గీసినా. ఇదో, చూడు."

"బో బాగుండాది. నా చెట్టు?"

"ఇదో, ఈడ."

"మరి నేను?"

"గుప్పెడు చెనిక్కాయలు పెట్టు మారక్కా. ఉడికినాయా?"

"నేను యాడుండానని అడిగితి."

"నువ్వు... దారిలో ఉండావు."

"దారిలో ఎవరన్నా కూర్చుంటారా?"

"కూర్చోనియ్యరు. బస్సు దిగినోళ్లు నూటికి తొంభై మంది నీ చెట్టు పక్కనించే పోతాండారు. అందుకే దారి ఈడ పడింది. రేపు ఈ కాగితం పై ఆఫీసుకు పోతాది. దాని తర్వాత దారిలో బుట్టలుండవు."

"ఈ మూడు దినాలే గదా ఇట్ల పోయింది! ఇరవై ఏండ్లుగా ఆ నడిమధ్యన నేరుగా గేటుకు పోతాండ్రి. గొంతు చించుకొని పిలిచినా ఇట్ల తిరిగి చూసినోడు లేడు."

"నడిమధ్యన ఒక్కరూ నడవలే. కండ్లారా చూసినా."

"ఆడ గీతలు గీసినావే, అవేంటివి?"

"ముందు అనుకున్న దారికి గుర్తు. అంతే."

"దేంతో గీస్తివి?"

"సున్నం దొరకలే. ముగ్గుపిండితో."

"చుక్కలు గూడా పెట్టినట్లుంటివే?"

"కొలతకు. అడుగుకో చుక్క."

"అయ్యో నా తల్లీ! ముగ్గును ఎవరన్నా తొక్కుతారా? మీ ఇంటి ముందర నువ్వు తొక్కుతావా?"

"...తొక్కను."

"మన సంజీవప్ప తాగి తూలుకుంటా గూడా చుట్టు తిరిగొచ్చె. యాదో పూజ అనుకొని ఇద్దరు దండం పెట్టుకునిరి."

"నవ్వాకు మారక్కా."

"నవ్వక? దేవుడు లేని ముగ్గుకు దండం పెట్టిస్తివి!"

"అయితే నా లెక్కంతా తప్పే. మల్లా లెక్కపెట్టల్ల... ఉండు ఉండు. మొదటి దినం సాయంత్రానికే గాలికి సగం చెరిగిపోయె. రెండోనాడు వచ్చి చూస్తే కొత్తగా ఉండె. మూడోనాడు ఇంకా తెల్లగా. నాతో కొలతలకు వచ్చిన మా లోకేష్ దిద్దినాడనుకుంటి. వాడేమో నేను కాదంటాడు."

"చెనిక్కాయలు తింటివా? ఇంగొన్ని తీసుకో."

"మారక్కా."

"తీసుకో పాపా, వేడిగా ఉండాయి."

"నా దిక్కు చూసి చెప్పు. ఎవరు దిద్దినారు?"

"ఇరవై ఏండ్లకు జనం నా బుట్ట ముందర నించి పోతాంటే పానం లేచొచ్చింది తల్లీ. మధ్యాన్నానికే బుట్ట ఖాళీ. ఆ సంబరంలో ఇంట్లో పిండి తెచ్చి, నా చోటు పోయేదానికి దినామూ తెల్లార్తానే నేనే ముగ్గేస్తిని."