చెంబుమిట్ట నీళ్ళు: శ్రీ దేవరాజులు గారి ముప్పై ఆరేళ్ళ సేవ

1989వ సంవత్సరం సెప్టెంబరు నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, చంకలో దుప్పటి చుట్ట పెట్టుకొని మన ఖనిజాన్వేషణ సంస్థ తిరువళ్ళూరు కార్యాలయం మెట్లెక్కిన ఒక బక్కపలుచని యువకుణ్ణి చూసి, వాకిట్లోని కాపలాదారు "దుప్పట్లు అమ్మేవోళ్ళు సాయంత్రం రావాల" అని వెనక్కు పంపబోయాడట. యువకుడు కోపగించుకోలేదు. తండ్రి నేసిన ఆ దుప్పటి విప్పి, అందులో భద్రంగా చుట్టుకొచ్చిన పట్టాలనూ నియామక పత్రాన్నీ చూపించి లోపలికి వచ్చాడు. ఆనాడు సహాయక భూభౌతిక శాస్త్రవేత్తగా చేరిన ఆ యువకుడే, ఈ అక్టోబరు ముప్పై ఒకటవ తేదీన విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మన శ్రీ దేవరాజులు గారు.

వారిది పళ్ళిపట్టు ప్రాంతపు నేతకుటుంబం. ఇంట్లో మాట్లాడింది తెలుగు, తిరుత్తణి బడిలో చదివింది తమిళం, కళాశాలలో రాసింది ఇంగ్లీషు. మూడు భాషల మధ్య పెరిగిన మనిషికి మాట తడబడే ప్రమాదం మూడింతలు ఉంటుందని వారే నవ్వుతూ అంటుంటారు. ఆ తడబాటు ఒకసారి వారి ఉద్యోగ జీవితాన్నే ప్రశ్నార్థకం చేసింది. దాని ముచ్చట ముందు వస్తుంది.

తొలి పదేళ్ళూ వారి సేవ నేల మీదనే సాగింది. తీగల చుట్టలు భుజాన వేసుకొని, కంపచెట్లలో దారి చేసుకుంటూ, మైళ్ళకొద్దీ నడిచి భూమిలోని విద్యుత్ లక్షణాలను కొలిచిన తరం వారిది. రెండువేల సంవత్సరం తరువాత మన సంస్థ ఆకాశమార్గాన విద్యుదయస్కాంత సర్వేక్షణలకు పూనుకున్నప్పుడు, ఆ విద్యను ఆమూలాగ్రంగా అభ్యసించి, మాకందరికీ ఒజ్జగా నిలిచినవారు దేవరాజులు గారే.

ఈ సంచికను చదివే కుటుంబ సభ్యుల కోసం ఆ విద్య గురించి నాలుగు మాటలు చెప్పడం ఉచితం. హెలికాప్టరు కింద పొడవాటి తాళ్ళతో ఒక పెద్ద తీగవలయాన్ని వేలాడదీసి, నేలకు కాస్త ఎత్తున, గీత గీసినట్టు తిన్నగా ఎగురుతారు. వలయంలోకి కరెంటు పంపి ఠక్కున ఆపేస్తారు. ఆపిన ఆ క్షణాన, భూగర్భంలో విద్యుత్తును మోయగల పదార్థం ఏదైనా ఉంటే అందులో ఒక ప్రవాహం పుట్టి, రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో క్షీణిస్తుంది. పైనున్న పరికరం ఆ క్షీణతనే కొలుస్తుంది. మంచి లోహఖనిజం ఉంటే ఆ ప్రవాహం ఎక్కువసేపు నిలుస్తుంది. బంకమట్టి అయితే మొదట గట్టిగా పలికి తొందరగా చల్లారిపోతుంది. "నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలు చెప్పింది మన పని గురించే" అని వారు ప్రతి కొత్త ఉద్యోగికీ మొదటి రోజే చెప్పేవారు.

ఎగిరే గీతలను వారు పడుగు అనేవారు. వాటిని అడ్డంగా కోస్తూ సరిచూసుకోవడానికి ఎగిరే గీతలను పేక అనేవారు. పేక ఎగరకుండా పని ముగించుదామని ఎవరైనా అంటే, "మా నాయన పడుగు మాత్రమే చూపించి గుడ్డ అని అమ్మలేదు" అని ఒక్క మాటతో తేల్చేసేవారు. కాట్టుపల్లి తీరంలో ఉప్పునీరు లోహంలా వేషం వేసినప్పుడూ, పూండి జలాశయం చుట్టూ ఒండ్రుమట్టి ఆశపెట్టినప్పుడూ, తొందరపడిన వారిని ఆపి నిలబెట్టింది వారి ఓపికే. ఇంతటి జాగరూకుడు కూడా ఒకసారి పొరబడ్డారు. ఆ సంగతి దాచితే ఈ వ్యాసం వట్టి పొగడ్త అవుతుంది. చెప్పమని ఆజ్ఞాపించినవారూ వారే.

2014 ఫిబ్రవరిలో పళ్ళిపట్టు దాపున, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని జరిగిన సర్వేక్షణలో, ఒక మిట్టనేల కింద బలమైన సంకేతం వచ్చింది. ఊళ్ళో అందరూ దాన్ని వట్టి 'మిట్ట' అంటారు. తమిళంలో ఉన్న పాత భూముల రికార్డులో మాత్రం దాని పేరు 'సెంబుమేడు'. తమిళంలో మేడు అంటే మిట్ట, సెంబు అంటే రాగి. నీళ్ళ చెంబు అనే అర్థమూ ఆ మాటకు లేకపోలేదు గాని, గనులు వెతికే కళ్ళకు రాగే ముందు కనబడుతుంది. అప్పుడే ఉద్యోగంలో చేరిన ఎస్తేర్ అనే యువతి, కంప్యూటరు మీద గీతలు చూస్తూ సందేహం వెలిబుచ్చింది.

"సార్, హై టెన్షన్ లైను పక్కనించే పోతా ఉంది. చివరి రీడింగుల్లో అంతా దాని గోలే. మనం సాపు చేసినాక కదా ఈ నిలకడ వచ్చింది, ఇది నిజమైందేనా?"

"పేరే చెప్తా ఉంది కదమ్మా, సెంబుమేడని. పెద్దోళ్ళు ఊరికే పెట్టుంటారా?" అన్నారు దేవరాజులు గారు. ఎస్తేర్ మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగింది. ఈ వ్యాసం రాస్తున్నదీ ఆమే గనుక, ఆనాడు నోరు మూసుకున్నందుకు ఆమె ఇప్పటికీ నొచ్చుకుంటున్నదని ఇక్కడ రాయవచ్చు.

రాగి నిక్షేపానికి అవకాశం అధికమనీ, స్థలనామం కూడా దానిని బలపరుస్తున్నదనీ దేవరాజులు గారి సంతకంతో జూన్‌లో నివేదిక వెళ్ళింది. పై నుంచి ప్రశంసలు వచ్చాయి. ఆ మిట్ట చుట్టూ నలభై కుటుంబాల పొలాలున్నాయి. వార్త పొక్కగానే ఆ ఊరికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. పైగా అది దేవరాజులు గారి తల్లి పుట్టిన ఊరు.

జూలై ఆఖరున, తమిళుల ఆడి మాసంలో నేల పరిశీలనకు వారు వెళ్ళినప్పుడు, మిట్ట మీద పొలమున్న కోదండరామ అనే రైతు జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఏమన్నా, చిన్నప్పుడు మా బాయి నీళ్ళు తాగినావే, ఇప్పుడు మా భూములకే ఎసరు పెడతావా? మేము యాడికి పోవాల?" అని నిలదీశాడు. దేవరాజులు గారు తలవంచుకొని చిన్నమ్మ తిరుమలమ్మ గారి ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. ఆమె చెంబుతో నీళ్ళిచ్చి, పక్కన చతికిలబడి అడిగింది.

"ఏందబ్బోడా, మా మిట్టలో రాగి ఉండాదంట గదా?"

"పేరే అట్లుండాది గదా చిన్నమ్మా. సెంబుమేడు."

తిరుమలమ్మ గారు పడీపడీ నవ్వారట. "సెంబేంది, మేడేంది! చెంబుమిట్టరా అది. ఆడికిత్తిక పండక్కు కావడెత్తుకొని తిరుత్తణికి నడిచి పొయ్యేవోళ్ళు ఆడ దించుకొని ఊపిరి తీసుకుంటారని, మా అత్త కాలంనించి వరసగా నీళ్ళ చెంబులు పెట్టేవోళ్ళం. ఎంత కరువొచ్చినా ఆడ బాయి ఎండిపోయిందే లేదు. ఇంట్లో చెంబు నీ బళ్ళోకి పోయి రాగి అయిపోయిందా నాయనా?"

నోటి దాకా ఎత్తిన చెంబును వారు కింద పెట్టేశారు. తల్లిభాషలోని మాటను బడిభాషలో చదివి, నలభై ఇళ్ళ వాళ్ళను భయపెట్టానని ఆ క్షణాన తమకు తెలిసివచ్చిందని వారు తరువాత మాతో చెప్పారు. అయినా, ఒక పేరును నమ్మి మోసపోయినవారు ఇంకో పేరును నమ్మి తీర్పు మార్చుకోలేదు. కార్యాలయానికి తిరిగి వచ్చి, సహోద్యోగులందరూ ఉండగా ఎస్తేర్ బల్ల వద్దకు వెళ్ళి, "అమ్మా, నువ్వడిగిన ప్రశ్నకు ఆపొద్దే జవాబు వెతికి ఉండాల్సింది. తప్పు నాది. సాపు చేయని రీడింగులు తియ్యి, మొదటినించి చూద్దాం" అన్నారు. పై అధికారి కింది ఉద్యోగితో అలా అనడం ఆ గది అంతకు ముందు వినలేదు. తొమ్మిది రోజులు ఇద్దరూ కూర్చొని, కరెంటు లైను గోలను విడదీసి చూడగా, ఆ సంకేతంలో నిలకడ లేదు. అది గట్టిగా పలికి త్వరగా చల్లారే బంకమట్టి.

తమ నివేదికను తామే ఉపసంహరించుకుంటూ వారు రాసిన లేఖను చూసి, అప్పటి అధిపతి మురళీధరన్ గారు నొసలు చిట్లించారు. "ఎన్న దేవరాజులూ, నీ సంతకంతో పోయిన రిపోర్టును నువ్వే కాదంటావా? పేరు పోతుందప్పా."

"పేరును నమ్మే సార్ ఇంత దూరం వచ్చింది" అన్నారు దేవరాజులు గారు.

లోకులు కాకులు కదా, ఊరుకుంటారా? సొంత మనుషుల పొలాలు కాపాడుకోవడానికి ఖనిజాన్ని దాచేస్తున్నాడని గుసగుసలు పుట్టాయి. పాతికేళ్ళ నిజాయితీ మీద అంతటి మాట పడితే మరొకరైతే కుంగిపోయేవారు, లేదా కలహించేవారు. వీరు ఆ రెండూ చేయలేదు. సరిగ్గా సంకేతం వచ్చిన చోటనే బోరు వేయించమని తామే కోరి, కాగితం మీద ఇలా రాసి ఇచ్చారు: "అరవై మీటర్ల వరకు బంకమట్టి, దాని దిగువన నీరు నిండిన శిథిలశిల. లోహం లేదు. ఇది తప్పైన పక్షంలో ఇకమీదట నా పేరుతో ఏ నివేదికా వెలువడరాదు."

ఈసారి ఊరివాళ్ళు అడ్డం తిరిగారు. రాగి లేదంటూనే బోరు వేయమంటాడేమిటని కోదండరామ మండిపడ్డాడు. దేవరాజులు గారు అతని భుజం మీద చెయ్యి వేసి, "బోరు పడకపోతే నా మీద అనుమానం పోదు, అది నేను మోసుకుంటా. మీ భూముల మీద అనుమానం కూడా పోదు. ఇంకో పదేళ్ళకు ఇంకొకడు వచ్చి మళ్ళీ తవ్వుతాడు. అది మీరు మోసుకోగలరా?" అన్నారు. కోదండరామ దారి వదిలాడు.

2015 మార్చిలో మూడు రోజులు బోరు దిగింది. మూడు రోజులూ వారు ఆ ఎండలోనే నిలబడి, పైకి వచ్చే మట్టిని చేతిలోకి తీసుకొని నలుపుతూ ఉన్నారు. యాభై మీటర్లు, బంక. యాభై ఎనిమిది, బంక. అరవై రెండవ మీటరు దగ్గర యంత్రం ఒక్కసారి శబ్దం మార్చుకొని, నీళ్ళు ఎగదన్నాయి. పైకి తీసిన రాతి ముక్కలను పరీక్షకు పంపితే, రాగి జాడ లేదని వచ్చింది. "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది గదయ్యా" అని మురళీధరన్ గారు చమత్కరిస్తే, కోదండరామ దోసిలిపట్టి నీళ్ళు తాగుతూ, "ఈ ఎలక చాలు సార్ మాకు" అన్నాడు. ఆ బోరును సంస్థ పంచాయతీకి అప్పగించింది. గుసగుసలాడినవారిలో ఇద్దరు వచ్చి వారి చేతులు పట్టుకున్నారు.

ఆ తరువాత వారు రెండు పనులు చేశారు. సర్వేక్షణ ఎక్కడ జరిగినా, ఆ చోటి పేరును ఇంటి పెద్దల నోట విని, వారి మాటల్లోనే రాసుకోవాలనీ, పేరును మాత్రం సాక్ష్యంగా వాడరాదనీ ఒక నియమం పెట్టారు. మన విభాగం దానిని నేటికీ పాటిస్తున్నది. రెండవది, యాభై ఏళ్ళ వయసులో సతీమణి శ్రీమతి శశికళ గారి వద్ద పలక పట్టుకొని తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. 'చ' రాయడానికి వారం పట్టిందని ఆ తల్లి చెబుతారు. ఈ వ్యాసాన్ని వారు ఒకరి చేత చదివించుకోకుండా స్వయంగా చదువుకోగలరు; అందుకే దీన్ని తెలుగులో రాయడం.

మొన్న విరమణ వార్త తెలిసి, కోదండరామ పళ్ళిపట్టులో బస్సెక్కి తిరువళ్ళూరు వచ్చాడు. నోటికి గుడ్డ కట్టిన ఒక రాగి చెంబును దేవరాజులు గారి బల్ల మీద పెట్టి, "మిట్ట నీళ్ళన్నా. తిరుమలమ్మవ్వ పంపింది. అప్పుడు లేదన్న సెంబు ఇప్పుడు మిట్టనించే వస్తా ఉండాదని చెప్పమనింది" అన్నాడు. ముప్పై ఆరేళ్ళలో క్షేత్రం నుంచి ఒక కొబ్బరికాయ కూడా ఇంటికి పట్టుకుపోని మనిషి వారు. ఆ నీళ్ళు మా అందరికీ తలా ఒక గుక్క పోసి, చివరి గుక్క తాము తాగి, కళ్ళు తుడుచుకొని, "నీళ్ళు తాగినా. చెంబు మాత్రం తిరిగి తీసుకుపో కోదండరామా" అన్నారు.

కోదండరామ చేతులు వెనక్కు కట్టుకున్నాడు. "నువ్వు ఇట్లంటావని అవ్వకు తెలుసు. తిప్పియ్యాలంటే వాణ్ణే రమ్మను, చెంబును ఒట్టిగా పంపే వంశం కాదు మాది అని చెప్పి పంపింది."

మన ఇళ్ళలో ఆనవాయితీ అదే గదా: వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. దేవరాజులు గారు ఆ చెంబులో ఏదో ఒకటి పోసుకొని చెంబుమిట్టకు వెళతారు. తిరుమలమ్మ గారు దానిని మళ్ళీ నీళ్ళతో నింపి పంపుతారు. అది తిప్పి ఇవ్వడానికి వారు మళ్ళీ వెళ్ళక తప్పదు. ఆ చెంబు బాకీ ఎన్నటికీ తీరకూడదని, అటూ ఇటూ తిరుగుతూ అది వారిని నిండు నూరేళ్ళూ ఆయురారోగ్యాలతో, శశికళ గారి సమేతంగా, ఆ మిట్ట మీదికి నడిపిస్తూనే ఉండాలని మనమందరమూ మనసారా కోరుకుందాం.