మైల తగలని చదువు

నందికొట్కూరు తాలూకాలో ఒక పల్లె. 1955 జూన్, బళ్ళు తెరిచే ముందురోజు, మిట్టమధ్యాహ్నం. ఊరి మునసబు మద్దిలేటి రెడ్డి ఊరవతల మాలగేరి బడి ముందు గొడుగేసుకుని ఎండలో నిలబడ్డాడు. రెండడుగులు వేస్తే వరండా నీడే, కానీ ఆ నీడ మాలగేరిది. లోపల ఏసేపు అయ్యవారు పెట్టెలు సర్దుతున్నాడు, బడి ఊడ్చే సిద్దమ్మ సామాను మోస్తోంది. ఇంకొకప్పుడైతే ఏసేపును తన వాకిట్లోకి పిలిపించేవాడు రెడ్డి. ఈరోజు అవసరం తనది, కొడుకు చదువుది, అందుకే కోపాన్ని గుటకలేసి మింగుతున్నాడు.

"అదంతా సరేలే అప్పా, ముందు మావాన్ని యాడ కూచోబెడతావో చెప్పు."

"మీరు యాడ చెప్తే ఆడ రెడ్డిగారూ. లోపల పద్దెనిమిది మంది ఉండారు, చాప మీద ఇంగొకనికి తావు..."

"చాపా! మీ పిల్లోళ్ళు కూచునే చాపా? ఏమిరా ఏసే... ఏమప్పా ఏసేపూ, తెలిసే మాట్లాడతాండావా?"

"తప్పే. లోపల వొద్దు."

"లోపల వొద్దు."

"అట్లయితే వరండాలో."

"వరండాలో ఎండ పడదా?"

"పొద్దున పది దాకా పడదు. ఆ మీదట పడతాది. వానొస్తే జల్లు కొడతాది. నాకు తెలీదా రెడ్డిగారూ, ఊరి బడి వరండాలో ఐదేండ్లు కూచున్నా. మీరు లోపల, నేను బయట. పాఠం బాగా ఇనపడేది. కిటికీలోంచి బోర్డు మాత్రం సగమే కనపడేది."

"అవునవును. పలక నువ్వు కిటికీలో పెట్టేవోనివి, అయ్యవారు చూసి కట్టెతో బయటికి తోసేటోడు."

"ఆ కట్టె ఇంకా ఆ బళ్ళోనే ఉండాది."

"ఇంగో మాట చెప్తా, నవ్వాకు. నేను లోపల కూచోని ఐదో తరగతి తప్పితి. నువ్వు బయట కూచోని పాసైతివి. మావాడు మూడేండ్లుగా లోపలే కూచుండాడు, మూడేండ్లుగా ఐదులోనే ఉండాడు. అంటే ఏమి? చదువనేది వరండాలోనే వస్తాదేమో అప్పా!"

"ఉండొచ్చు. నాకిన్నాళ్ళూ తోచలేదు."

"తోచదు. మునసబు బుర్ర వేరే. రాసుకో, మావాడు వరండాలోనే కూచోవాల."

"కాయితం మీద రాయాల్నా?"

"రాయాల! నోటిమాట నీళ్ళ మీద రాత. రేపు నిన్ను ఇంగో ఊరికి మారిస్తే ఎవుర్ని అడిగేది? రాయి, నేను సంతకం పెడతా."

"రాస్తాండా. ఒకటి, వరండా. రెండు?"

"నీళ్ళు. మావాని కడవ వేరే. మీవోళ్ళు ఆ తట్టుకు పోగూడదు."

"రెండు, కడవ. మరి పలక?"

"పలక నువ్వు ముట్టుకోగూడదు."

"తప్పుంటే చూసి చెప్తా. వెనక్కి ఇచ్చేది ఎట్ల?"

"కట్టెతో తోయి."

"మూడు, కట్టె. తప్పు రాస్తే కొట్టచ్చునా?"

"కొట్టకుంటే చదువెట్ల వస్తాది? కొట్టు. చేత్తో మాత్రం వొద్దు, బెత్తంతో. వెదురుకు మైల లేదు."

"వెదురుకు మైల లేదు. నాలుగు."

"అయ్యోరూ, ఈ మ్యాపుల చుట్ట ఇప్పుడే ఎత్తుకపోవాల్నా, పొద్దు వాలినాకనా? అయ్యో రెడ్డిసామీ! ఎండలో నిలబడినారే! ఉండండి, బల్ల తెస్తా."

"వొద్దు సిద్దమ్మా. నిలబడితేనే ఒంటికి మంచిది."

"మంచినీళ్ళన్నా..."

"దప్పి లేదు."

"మొగమంతా చెమట కారిపోతాంటే..."

"లేదంటి గదా! అయినా ఏందప్పా ఏసేపూ, ఈ పెట్టెలు, ఈ చుట్టలు? కాపురం ఎత్తేస్తాండావా?"

"దుమ్ము దులుపుతాండాము. రేపు బడి తెరవాల గదా."

"దుమ్మేంది అయ్యోరూ, రెడ్డిసామి పెట్టిన అర్జీకి నిన్న..."

"సిద్దమ్మా! సుద్దముక్కల డబ్బా యాడ పెట్టినావో చూడు పో."

"ఈమెకు అర్జీ సంగతెందుకు? ఏసేపూ, అది మనసులో పెట్టుకోవాకు. మా బామ్మర్ది రాసినాడు, నేను సంతకం గీకినా. ఒక ఊరికి రెండు బళ్ళు దండగ, ఒకటి చాలు, అని ఏదో నాలుగు ముక్కలు."

"మాలగేరి బడి ఎత్తేయమని."

"కడుపుమంట అప్పా! గొడ్లు కాసే పిల్లోళ్ళంతా పలకలు పట్టుకోని ఈడ కూచునిరి. నా ఎద్దులు పోయి దాయాది నరసన్న కొర్రచేన్లో పడె. అయినా ఆ అర్జీ పోయింది యాడికి? కర్నూలికి. రాజధాని అంటారు గానీ సర్కారు కచేరీలన్నీ గుడారాల్లోనే గదా ఉండేది. గాలికి యాడో ఎగిరిపోయింటాది."

"కర్నూల్లో శానా గాలే రెడ్డిగారూ."

"దాన్ని వదిలేయి. ఇప్పుడు నీకు పెట్టుకుంటాండా అర్జీ. పోయినేడు హైస్కూల్లో చేరే పరీక్షలో మీ గేరినుంచి ముగ్గురు పాసు. మా బామ్మర్ది చెప్పే ఊరి బళ్ళోనుంచి ఒక్కడూ లేడు. చెప్తే గదా! పొద్దున మీసాలు దువ్వుకునేది, మధ్యానం కునుకు, ఆపైన పులిజూదం. తాసిల్దారు నా మొగమ్మీదే అనె, హైస్కూలు గడప తొక్కనోనికి ఇంగ మునసబీకం లేదని. మా తాత మునసబు, మా నాయిన మునసబు. మావానికి రాకుంటే నా దాయాది ఆ నరసన్న కొడుక్కు పోతాది. వాడు తలారిని పంపి నన్ను చావిడికి పిలిపిస్తాడప్పా! నన్ను! తల్చుకుంటేనే ఏడుపొస్తాండాది."

"ఏడవాకండి రెడ్డిగారూ. నేను చెప్తా. మీవానికి బుర్ర లేక గాదు, చెప్పేటోడు లేక."

"సొంత తమ్ముని మాదిరి అంటివి. దూరంగా ఉండే తమ్మునివి అనుకో."

"నా కూతురు మరియ కూడా అట్లనే ఏడ్చె సామీ, మూడో తరగతి మాన్పించి మీ ఎనుములు మేపేదానికి తోలిన పొద్దు. క్లాసులో అదే ఫస్టు."

"ఆడపిల్లకు చదువెందుకు సిద్దమ్మా? ఎనుములేమన్నా ఎక్కాలు అడుగుతాయా?"

"అడగవు సామీ. అందుకే మీ ఇంట్లో ఎవురికీ రాకున్నా జరిగిపోతాండాది."

"ఏమే!"

"ఎనుములు మంచివి అంటాండా సామీ."

"ఈమెను లోపలికి పొమ్మను. ఏసేపూ, ఐదోది రాయి, ఇదే అసలుది. మావాడు మాలగేరి బళ్ళో చదువుతాండాడని ఎవురికీ తెలీగూడదు. పేరు ఊరి బడి రిజిస్టర్లోనే ఉండాల. చదువు మాత్రం నీ దగ్గర."

"అట్లనే."

"అట్లనే అంటావేంది, అయ్యే పనేనా?"

"అవుతాది. పేరు ఊరి బళ్ళోనే ఉంటాది, చదువు నేనే చెప్తా."

"మాటిస్తాండావా?"

"ఇస్తాండా."

"మొండోనివి అనుకుంటి గానీ, లొంగే మనిషివే! ఏం రాసినావో సదివి ఇనిపియ్యి. నేను అద్దాలు తేలేదు."

"మునసబు మద్దిలేటి రెడ్డి అను నేను, నా కొడుకు రామకృష్ణారెడ్డికి ఏసేపు అయ్యవారు ఏ బడిలో చదువు చెప్పినా ఈ ఐదు షరతులూ చెల్లునని ఒప్పుకుని..."

"ఏ బడిలో చెప్పినా అని ఎందుకు?"

"మీరే అంటిరి గదా, రేపు నన్ను మారిస్తే అని."

"అవునవును. భలే గ్యాపకం నీకు. తే, సంతకం పెడతా."

"కాయితం నేను ముట్టుకున్నా రెడ్డిగారూ."

"కాయితానికి మైల లేదు."

"కలం కూడా నాదే."

"కలానికీ లేదులే! ఇట్లియ్యి. ఇదో, పెట్టేసినా. మావాన్ని రేపు ఏ దోవన పంపేది? వంక దోవన అయితే ఎవురూ చూడరు."

"రాబల్లేదు రెడ్డిగారూ. ఈడికొచ్చే పనే లేదు."

"రాబల్లేదా? ఇప్పుడే గదప్పా సంతకం పెట్టించుకుంటివి!"

"మీ అర్జీ గాలికి పోలేదు. మంజూరైంది. నిన్న టపాలో ఆర్డరు వచ్చె. ఒక ఊరికి రెండు బళ్ళు దండగని మీరు రాసింది నూటికి నూరుపాళ్ళు నిజమంట. ఈ బడి ఎత్తేసినారు. రేపట్నుంచి ఒకటే బడి, ఊరి బడి."

"అయ్యయ్యో! నా నోట్లో నేనే మన్ను కొట్టుకుంటినే! మరి నువ్వు? నువ్వు యాడికి పోతాండావు?"

"యాడికీ పోను. మీ బామ్మర్దికి మంత్రాలయం తట్టుకు బదిలీ. ఊరి బడికి అయ్యవారు ఇంగ నేనే. ఈ పద్దెనిమిది మందినీ ఆడనే కలిపినారు."

"పంతొమ్మిది అయ్యోరూ. రెడ్డిసామీ, మా మరియ రేపట్నుంచి ఎనుములకు రాదు. ఇంగెవుర్నన్నా చూసుకోండి."

"మీరంతా... ఊరి బడికి... లోపలికా?"

"లోపలికే. ఆర్డర్లో రాసినారు, ఎవుర్నీ బయట కూచోబెట్టగూడదని. తండ్రి సొంతంగా కోరుకుంటే అది వేరే మాట."

"ఏసేపూ... నాయినా... అట్లయితే మావాడు యాడ కూచోవాల?"

"అది మొదట్నుంచీ మీ ఇష్టమే గదా రెడ్డిగారూ. ఈ కాయితం చించమంటే ఇప్పుడే చించుతా, లోపల చాప మీద సిద్దమ్మ కూతురు పక్కన తావుండాది. అది వొద్దంటే వరండాకు మీ సంతకం ఉండనే ఉండాది. పది దాటితే ఎండ పడతాది, ఆ గొడుగు వానికిచ్చి పంపండి."