జిలాని బాషా కిందికి దూరి సూడని బండి

ఏందప్పా ఆ కాగితం? ఎస్టిమేటా? కర్నూలు షోరూమోళ్లు ఇచ్చిండేదా? కూర్చో అల్లుడా, నిలబడుకొని అడిగితే నాకు సెవికి పట్టదు. నీ మారుతి కారుకు వాళ్లు రాసిండేది న్యాయమా అన్యాయమా అని నన్నడిగితే ఏం సెప్పేది? ముప్పై ఏండ్లు స్పేరు పార్టుల అంగడి పెట్టినోన్ని, సామాను ధర సెప్తా. అంతవరకే. ఆ సామాను నీ బండికి కావాల్నా వద్దా అనేది కాగితం సూసి సెప్పేది కాదు. అది సెప్పగలిగినోడు ఆదోనిలో ఒకడుండ్య. జిలాని బాషా. మెకానిక్కు. నువ్వు ఎరగవులే, ఆయప్ప పోయి పదేండ్లాయ.

యమ్మిగనూరు రోడ్డులో జిన్నింగు మిల్లు గోడకు ఆనుకొని రేకుల షెడ్డు ఆయప్పది. పక్కనే నా అంగడి. ఆయప్పకు ఉర్దూ తప్ప సదువు రాదు, కంపెనీ కాగితాలేమో ఇంగ్లీషు. అందుకని సదివేది నేను. ‘కాశన్నా, సదువు’ అనేటోడు, నేను ఒక్కొక్క వరసా సదివేటోన్ని. ఆలూరు నుంచి వస్తాండ్రి, చిప్పగిరి నుంచి వస్తాండ్రి, కర్నూల్లో రాయించుకొని నేరుగా ఈడికే. ఆయప్ప ముందు బండిగలాయన్ని అడిగేటోడు. సప్పుడు పొద్దున్నే వస్తాదా, బండి కాగినాంక వస్తాదా? ఎడమకు తిప్పితేనా, కుడికి తిప్పితేనా? అన్నీ ఇని, గోనెపట్ట పరుసుకొని బండి కిందికి దూరేటోడు. అర్ధ గంట పట్టనీ, గంట పట్టనీ. బయటికి వచ్చినాంకనే మాట. ‘ఇది కావాల, ఇది కావాల, ఇది వద్దు.’ అంతే. ఒకసారి పత్తి యాపారి ఒకాయన కాగితం తెచ్చె. ఈయప్ప సూసి, ‘న్యాయంగానే రాసినారు సావుకారీ, ఆడికే పోయి సేయించుకో’ అనె. సావుకారి మొగం సూడాల! ‘నువ్వు తక్కువలో సేస్తావనే కదప్పా నేను వచ్చింది’ అంటే, ‘సేస్తా, నెల గూడా నిలవదు, నీకెందుకు’ అనె. ఇంట్లో దౌలత్‌బీ, ఆయప్ప భార్య, ఒకటే తిట్టు. ‘వచ్చిన గిరాకీని నువ్వే ఎనక్కి తోలుతావు, ఇంగ షెడ్డు ఎందుకు, మూసెయ్’ అని. ఆయమ్మ గొంతు మా అంగడి దాకా ఇనపడేది. మంచి మనిషేలే, మా ఇంట్లో కాన్పయితే పదిదినాలు గంజి కాసి పంపింది... ఏం సెప్తాంటి? ఆ, కాగితాలు.

అంత న్యాయస్తునికి ఒక్క కంపెనీ కాడ మాత్రం మనసు ఇరిగిపోయిండ్య. పేరెందుకులే, ఇప్పుడది లేదు. ఈయప్ప వయసులో ఉన్నప్పుడు ఆడ పదకొండేండ్లు పని సేసినాడు. ఏదో సామాను పోయిందని ఫోర్మను దొంగతనం కట్టి బయటికి నూకినాడు. నెల తర్వాత అది వాళ్ల గోడౌన్లోనే దొరికె. దొరికినాంకైనా ‘తప్పయిందప్పా’ అని ఒక్కడు అనలేదు. ఈయప్పా ఎవరితో ఆ మాట ఎత్తేటోడు కాదు. గానీ ఆ కంపెనీ పేరుండే కాగితం వస్తే దవడ బిగుసుకునేది. నేను సూస్తాంటి గదా.

డెబ్బై నాలుగో సంవత్సరం. శ్రావణమాసం ఇంగ వారముందనంగా లక్ష్మప్ప వచ్చె. యమ్మిగనూరాయన, అంబాసిడరు టాక్సీ తోలుతాండ్య. ఉరుకుంద ఈరన్నసామి తిరునాళ్లకు నెలంతా బాడిగలు, దాని మీదనే ఆయప్ప సంవత్సరం గడిసేది. బ్రేకు కొంచెం లోపలికి పోతాందని కర్నూల్లో సూపిస్తే ఆ కంపెనీ వాళ్లే కాగితం రాసిచ్చినారు. నేను సదివినా. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, బ్రేకు లైనింగులు, బ్రేకు ఆయిలు పోయే ముందర సక్రాల రబ్బరు గొట్టాలు రెండు, ఇంగా ఏమేమో. జిలాని అనె: ‘అన్నీ మార్చాలంటే ఇంగ బండి ఎందుకు మిగిలిచ్చినారు?’ ఇంగ నేనుంటానా? నాకు నోటి దురద. ‘బండి తోలేటోన్ని గూడా మార్చాలని కింద రాసినారు సూడు లక్ష్మప్పా’ అంటి. అందరం నవ్వితిమి. అందరికంటే ఎక్కువ లక్ష్మప్ప నవ్వె. బరువు దిగిన మనిషి నవ్వు అది.

ఆ పొద్దు షెడ్లో లారీ ఇంజను ఇప్పదీసి పెట్టిండ్రి, చేతినిండా పని. జిలాని పోయి సీట్లో కూర్చొని బ్రేకు నాలుగుసార్లు తొక్కినాడు. ‘బాగానే పడతాంది. ఆయిలు పోసుకొని తిప్పుకో. దొంగనాకొడుకులు, ఊరికే రాసినారు. పండగ నెల పోయినాంక సూద్దాం’ అన్యాడు. గోనెపట్ట పరసలేదు. కిందికి దూరలేదు. నేనూ అడగలేదు, ఏం బాషా సూడవా అని.

ఎనిమిదో దినం కోటేకల్లు దాటినాంక వంక కాడ దిగుడులో, పొద్దుగూకేటప్పుడు. బండి నిండా ఉరుకుందకు పోయి వస్తాండే జనం. ముందర కలుపు తీసి ఇంటికి పోతాండే ఆడోళ్ల ఎద్దులబండి. ‘బ్రేకు పడల్యా, బ్రేకు పడల్యా’ అని లక్ష్మప్ప రెండుసార్లు అరిసినాడంట. ఎద్దులబండి మీదికి పోనీకుండా వంక మీది మోరీ గోడకు తిప్పినాడు. ఎనకాల కూర్చున్నోళ్లకు కాళ్లు సేతులు ఇరిగినాయి, బతికినారు. ఎద్దులబండి మీది ఆడోళ్లకు ఒక్క గీత పడలేదు. స్టీరింగు రొమ్ముకు కొట్టుకొని లక్ష్మప్ప ఆడనే పోయినాడు.

బండిని పోలీసు స్టేషను కాడ పెట్టిండ్రి. జిలాని పోయి, పర్మిషను అడుక్కొని, కిందికి దూరినాడు. నేను నిలబడుకొని ఉంటి. శానాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు సేతిలో రబ్బరు గొట్టం, ఉబ్బి, పగిలి. ‘కాశన్నా, ఇది కాగితంలో ఉండ్యానా?’ అనె. ఉండ్య అంటి. ‘నువ్వు సదివినావా?’ సదివినా అంటి. ‘నేను ఇన్న్యా’ అనె.

నేను దోవ పొడుగునా సెప్పినా. అరే బాషా, ఊరంతా లక్ష్మప్ప గాచారం, తలరాత అంటాండారు, ఆ కాగితం సంగతి ఎవరికీ తెలీదు, నువ్వు గమ్మునుండు అని. నా మాట ఇంటే గదా. లక్ష్మప్ప కర్మ దివసాలు అయినాంక యమ్మిగనూరికి బయలెల్లినాడు, లక్ష్మప్ప భార్య ఉరుకుందమ్మ కాడికి. ఒక్కన్నే పంపలేక నేనూ పోతి. ఆయమ్మ గోడకు ఆనుకొని కూర్చోనుండ్య. జిలాని ఎదురుగా నేల మీద కూర్చొని సెప్పినాడు. ‘అమ్మా, కంపెనీ వాళ్లు సరిగ్గానే రాసిండ్రి. వాళ్ల మీద కోపంతో నేను వద్దంటి. కిందికి దూరి సూడలేదు. సూసింటే కనపడేది.’ ఒక్క మాట తిప్పలేదు, తనకు అనుకూలంగా ఒక్క మాట ఏసుకోలేదు.

ఆయమ్మ మెల్లగా అనె: ‘ఇన్నిదినాలు దేవుని తిట్టుకుంటాంటి అన్నా. అది సులువుగుండ్య. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషిని ఎట్ల తిట్టేది?’ అని మొగం గోడ తట్టు తిప్పుకొనె. జిలాని లేయలేదు. నేనే రెక్క పట్టి లేపుకొని వచ్చినా.

మరుసటిదినం కర్నూలుకు పోయి, తనమీద దొంగతనం కట్టిన ఆ ఫోర్మన్నే ఎతికి, ‘మీరు రాసింది సరి, నేను సెప్పింది తప్పు’ అని సెప్పి వచ్చినాడు. షెడ్డుకు వచ్చే ప్రతి ఒక్కరికీ సెప్పేటోడు, నావల్ల ఒకడు సచ్చినాడు, తెలుసుకొని బండి ఈయి అని. సగం గిరాకీ పోయె. దౌలత్‌బీ గూడా తిట్టేది మానుకొనె. నడుము పట్టేసి వంగలేని కాలంలో గూడా, హారను మోగలేదని వచ్చినా కిందికి దూరేటోడు. లేసేకి నేను సేయి ఇయ్యాల. అట్ల ఐదేండ్లు బతికినాడు.

ఉరుకుందమ్మ మగ్గాలకు కండెలు సుట్టి పిల్లల్ని సాకె. ఇప్పటికీ ఉంది యమ్మిగనూర్లో. సంతకు పోతే కనపడతాది. ఆ పొద్దు జిలాని అన్నీ సెప్పినాడు గదా, ఒక్కటి సెప్పలేదు. కాగితం సదివిందెవరని. నవ్విచ్చిందెవరని. నేను వాకిలి కాడనే నిలబడుకోనుంటి. ఆయప్ప నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు తెరవలేదు. పోయిన నెల సంతలో సేయి పట్టుకొని ఏమన్యాది తెలుసునా ఆయమ్మ? ‘కాశన్నా, అంత కష్టంలో ఆయప్పకు తోడు వచ్చినోడివి నువ్వొక్కడివే, నీ అంత మంచోన్ని నేను సూడలేదు’ అని...

ఏం లేదప్పా. ఆ ఫ్యాను ఆపు. సలిగా ఉంది.