జానెడు దూరం

వంటగది సింకులో పంపు కింద భార్య చెయ్యి పట్టుకుని నిలబడ్డాడతను. ఆమె అరచెయ్యి ఎర్రగా కందిపోయింది.

"ఎయిర్ ఫ్రయర్ జరిపారా? ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాస్తే కాలుతున్న మిషన్ తగిలింది."

"గోడకి ఆనించి ఉందే! వెనక నుంచి వేడిగాలి కొట్టి గోడ మాడిపోతోంది. భయమేసి జానెడు ముందుకి లాగాను."

"నాకో మాట చెప్పొచ్చుగా?"

"మర్చిపోయాను. నీ కాళ్లు పట్టుకుంటాను, ఇక వంటగదిలోకి రాకు. వంటంతా నేనే చేస్తాను."

"నా చూపు పోయిన రోజు కూడా మీరిలా మాట్లాడలేదండీ."

"ఇంకోసారి నువ్వు ఒళ్లు కాల్చుకుంటే నేను తట్టుకోలేనే!"

"కత్తి ఎటు తిరిగి ఉందో, గిన్నె ఎక్కడ బోర్లించానో నాకు తెలుసు. ఈ ఒక్క గదిలో నాకు కళ్లున్నాయి. మీరు చెప్పకుండా ఏదైనా జరిపితే అవీ పోతాయి."

అతను పంపు కట్టేసి మిషన్ వైపు తిరిగాడు.

"గోడకి ఆనిస్తే ఇల్లు అంటుకుంటుంది. ముందుకి లాగితే నువ్వు కాలిపోతావు. మరి ఎక్కడ పెట్టి చావను?"

"చల్లారనివ్వండి. తర్వాత గోడకి దూరంగానే పెట్టండి." ఆమె కాలని చెయ్యి అతని వైపు చాచింది. "కానీ ఈ చెయ్యి పట్టుకుని పెట్టండి."