ఇంట్లో పిల్లి లేదు

ఆసుపత్రి మంచం మీద అక్క పడుకుని ఉంది. కొత్త కీలు వేసిన మోకాలు మళ్లీ వాచింది. డాక్టరు గదికి వెళ్లొచ్చిన చెల్లెలు కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"ఇంట్లో పిల్లి ఉందా అని ఇవాళ నన్నడిగాడు డాక్టరు. ఉందన్నాను. నువ్వు లేదని చెప్పావటగా అక్కా?"

"ఏదో అన్నాలే."

"చేతి మీద పిల్లి రక్కిన చోటి నుంచే క్రిమి నెత్తుట్లో కలిసి మోకాల్లోకి చేరిందట. ముందే తెలిస్తే మందు మార్చేవాళ్లట. ఇప్పుడు ఆ కీలు తీసెయ్యాలట."

"తీస్తే తియ్యనీ. కర్ర పట్టుకుని నడుస్తా. నాకేమైనా పరుగు పందేలున్నాయా?"

"నవ్వకు. ఎందుకు దాచావు?"

"దాన్ని వదిలెయ్యమంటాడని భయమేసిందే. నీ కూతురు పోయాక నువ్వు నోరు విప్పింది ఆ పిల్లితోనేగా."

"వదిలెయ్యక్కర్లేదట అక్కా. రక్కితే సబ్బుతో కడుక్కుని, వెంటనే వచ్చి చూపించుకుంటే చాలట."

"అంతేనా?"

"అంతే."

అక్క చేతి మీది రక్కిన గీతలు తడుముకుంది.

"దాన్నేమీ అనకు. తప్పు నాదే. పిల్ల గౌను మీద అది పడుకుని ఉంటే, ఉతుకుదామని కిందనుంచి లాగాను. అప్పుడే రక్కింది."

"ఉతికేశావా?"

"లేదే."

"నిజం చెప్పు."

"బకెట్లో వేయబోతూ ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకున్నా. ఇంకా పిల్ల వాసనే వస్తోంది. తీసుకెళ్లి మళ్లీ పిల్లి కిందే పరిచేశా."