పసుపు కుర్చీ, నీలం సందుగ

"తాతా, మీ ఇంట్ల పాత సామాన్లకు గిన్ని రంగులెందుకు ఏసిన్రు? మా కోచింగు దోస్తులు వచ్చి ఫోటోలు దిగుతమంటున్నరు."

ఫోటోలా. దిగుమను బిడ్డా, దానికేంది. నువ్వు నిలబడ్డవేంది, గా పసుపు కుర్చీల కూసో. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టుకో. పైన రూంల కిరాయికి దిగి ఏడాదయితుంది గద స్వప్నా, గిన్ని దినాలకు అడిగినవ్. వేరేటోళ్లు గడప దాటంగనే అడుగుతరు. ఫ్యాషన్ అనుకుంటరు. నేను గూడ అవునంట. అందరికి మొత్తం యాడ చెప్తం.

నువ్వు కూసున్న కుర్చీ మా నాయినది. అసలు టేకు. నల్లకుంటల ఒక వడ్లాయన చేసిచ్చిండు. మా నాయిన దాన్ని రోజు బట్టతోని తుడిచెటోడు, మమ్మల్ని కూసోనిచ్చెటోడు గాదు. గా సందుగ మా అమ్మది, పెండ్లప్పుడు తెచ్చుకున్నది. వంటింట్ల పోపు డబ్బలు పెట్టిన స్టాండు ఉంది సూడు, అది మీ అవ్వ భారతి డ్రెస్సింగ్ టేబులు. అవును, అద్దం తీసేసినంక గట్ల అయింది. అప్పుడన్ని కాఫీ రంగే, పాలిష్ రంగు. కింద ఈ ఎర్ర గచ్చు. అందరిండ్లు గట్లనే ఉండె.

నేను బోర్డులు రాసెటోన్నని ఎరికే గద. చిక్కడపల్లి సంది నారాయణగూడ దాక సగం దుకాండ్ల మీద నా అక్షరాలే. టైలరు షాపులు, కిరాణాలు, ఈ అశోక్‌నగర్ కోచింగుల గోడలు. పెండ్లయినప్పుడు భారతికి చదువు రాదు. నాకు టిఫిన్ డబ్బ తెచ్చి నిచ్చెన కింద నిలబడేది. గదేం అక్షరం, ఇదేం అక్షరం అని అడిగేది. క, ఖ వరసల గాదు, ఏ బోర్డు రాస్తుంటె ఆ బోర్డుల అక్షరాలు. 'ట' టైలరు బోర్డు మీద నేర్సుకున్నది. రెండేండ్లల్ల ఆటోల పోతుంటె బోర్డులన్ని బయటికే చదివేది. ఆటోవాడు నవ్వుతుండె.

తర్వాత ఫ్లెక్సీలొచ్చినయ్. ఏం చెప్పాలె. మిషన్ల పొద్దున ఇస్తె పగటీలికి బోర్డు చేతికిస్తరు. నన్నెవరు పిలుస్తరు. బ్రష్‌లు మూట గట్టి సజ్జ మీద పడేసిన. ఇగ గా నాయిన కుర్చీలనే కూసునుడు, పేపర్ సూసుడు, అందరి మీద కోపానికొచ్చుడు. జర చెడ్డగనే ఉంటుంటి బిడ్డా, అబద్ధమెందుకు.

అప్పుడే భారతి చేతుల పని తప్పుడు మొదలువెట్టింది. చాయ్ పోస్తె కప్పు పక్కకు పడేది. ఒకసారి చాయ్ తెస్తుంటె స్టూలు కాలికి తాకి పడ్డది, మణికట్టు వాసింది. నేను తిట్టిన. ధ్యాస యాడ పెడ్తున్నవ్, ఇల్లంత తెలిసిందే గద, స్టూలు కనిపిస్తలేదా అన్న. గా మాటే అన్న. ఆమె గచ్చు మీద పారిన చాయ్‌ని చేతితోని తడుముకుంట బట్టేసి తుడిచింది. తడుముతుందని కూడ నాకు తోచలే అప్పుడు.

ఒకనాడు ఇద్దరం చిక్కడపల్లి మార్కెట్ల కూరగాయలు కొనుక్కోని వస్తున్నం. తొవ్వల నేను రాసిన టైలరు బోర్డొకటి ఉండె. అక్కడికి రాంగనే దాన్ని చదువుడు ఆమెకు అలవాటు. ఆనాడు గూడ తలెత్తి చదివింది. "లేడీస్ అండ్ జెంట్స్ టైలర్, ఫ్యాంట్లు షర్టులు కుట్టబడును" అన్నది. నేను పైకి సూసిన. నా బోర్డు లేదక్కడ. టైలరు పోయి ఎప్పుడో మొబైల్ రిపేరు దుకాణం వచ్చింది. పెద్ద ఫ్లెక్సీ.

ఆమె చేతిలున్న సంచి నేను పట్టుకున్న, చెయ్యి పట్టుకున్న. పది అడుగులు వోయినంక, "తప్పు చదివిన్నా?" అనడిగింది. మెల్లగ.

"ఎన్ని దినాల సంది?" అన్న.

"ఏడాది దాటింది. ఎదురుంగ ఉన్నది మసక. పక్కలకు కనిపిస్తది."

"నాకెందుకు చెప్పలే?"

"పని పోయి నువ్వే సగమయినవ్. ఇదొకటి యాడ మోస్తవని."

నేను అక్కడనే ఒక మెట్టు మీద కూసున్న. ఆమె నిలబడే ఉన్నది, నా భుజం మీద చెయ్యేసి. తిట్టిన మాటలన్ని ఒక్కొక్కటే యాదికొచ్చినయ్.

కండ్ల దవఖానకు పోయినం. షుగర్‌తోని కంటి ఎన్కపొర దెబ్బతిన్నదన్నరు. డాక్టరమ్మ చిన్న పిల్ల, నీకన్న కొంచెం పెద్దది ఉంటది. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలె, సూదులిస్తం అన్నది. వచ్చేటప్పుడు నాతోని, "ఇంట్ల సామాన్లు నేల రంగుల కలిసిపోకుంట సూడున్రి, రంగు తేడా ఉంటె ఆమెకు అందుతది" అన్నది.

ఇంటికొచ్చి తలుపుల నిలబడి సూసిన. ఎర్ర గచ్చు మీద కాఫీ రంగు స్టూలు. కాఫీ రంగు మంచం. వంటింట్ల నల్ల బండ మీద చాయ్. నేను నలభై ఏండ్లు దేని మీద ఏ రంగు దూరంకెళ్లి కనిపిస్తదో సూసి బతికినోన్ని. మా ఇంట్ల నాకే తోచలే.

సజ్జ మీదికెళ్లి మూట దించిన. బ్రష్‌లు సగం గట్టివడ్డయ్, టర్పెంటైన్‌ల నానబెట్టిన. సాండ్ పేపర్ పట్టి కుర్చీ పాలిష్ గీకుతుంటె భారతి వచ్చి అడ్డం కూసున్నది. "మామయ్య కుర్చీ అది, పాడు చెయ్యకు" అన్నది. కవాడిగూడల ఉంటడు మా తమ్ముడు, వాడొచ్చి, "అన్నా, నాయిన టేకు మీద ఎనామిల్ ఏసుడేంది, పెండ్లి పందిరి చేస్తున్నవా" అన్నడు. నేను తమ్మునికి టైలరు బోర్డు సంగతి చెప్పిన. వాడు ఎన్కకెళ్లి వంగి కుర్చీ కాలు పట్టుకున్నడు, నేను గీకుతుంటె కదలకుంట.

మొదటి దినం అంచు వంకర పోయింది. భారతి పక్కన కూసోని డబ్బ పట్టుకున్నది. ఎండినంక కుర్చీని నడింట్ల పెట్టి, ఆమెను తలుపు కాడ నిలబెట్టిన. తల జర పక్కకు తిప్పి సూసింది. గట్లనే సూడాలె ఆమె, కొసకంటితోని. ఎవ్వరు పట్టుకోకుంట నడుసుకుంట వచ్చి కూసున్నది. రెండు చేతులు కుర్చీ చేతుల మీద పెట్టి, "ఇది పసుపు" అన్నది.

ఇగ ఆగలే నేను. సందుగకు నీలమేసి దర్వాజ కాడ పెట్టిన, కూసోని చెప్పులు తొడుక్కోనీకి. డ్రెస్సింగ్ టేబులుకు తెలుపు, అరల అంచులకు నలుపు. స్టూలుకు తెలుపేసి పైన ఎర్ర గీత. మంచం కోళ్లకు ఆకుపచ్చ ఏసిన. ఆమె సూసి, "ఇది బాగలేదు, తీసెయ్" అన్నది. కనిపిస్తుంది గద అన్న. "కనిపిస్తుంది గనుకనే అంటున్న" అన్నది. రెండు దినాలు పంచాయితి. నారింజ ఏసిన చివరికి. ఆమె చెప్పిందే నిజం, గా ఆకుపచ్చ ఏం మంచిగ లేకుండె.

చాయ్ ఇప్పుడు ఆమెనే పోస్తది, నువ్వు తాగినవ్ గద. కప్పు కింద తెల్ల పలక ఉంటది. పాత అల్మార అరనే కోసి చేసిన.

సూదులు ఇస్తనే ఉన్నరు. అయినా ఈ ఏడు ఇంకొంత తగ్గింది. నేనడగకముందే ఆమెనే చెప్పింది. ఇప్పుడు ఏదన్న ఉంటె చెప్తదిలే, దాసిపెట్టదు.

మొన్న అల్మార తలుపొకటి మిగిలింది. దీన్ని దేనికి పెడ్దాం, వంటింట్ల పెడ్దామా, బాత్రూం కాడ పెడ్దామా అన్న. "దేనికి వద్దు. బంతిపూలు వెయ్యి. గోడకు పెట్టు" అన్నది. తొవ్వ కోసమా అనడిగిన. "తొవ్వ దొరుకుతనే ఉన్నది గద. ఊకె సూసుకోనీకి" అన్నది.

అదే, గా గోడకున్నది. నాలుగు దినాలు పట్టింది నాకు. ఒక్కొక్క రెక్క. పొద్దున తానం చేసి వచ్చి గక్కడ నిలబడ్తది, తల పక్కకు పెట్టి. నేను చాయ్ సల్లార్తుందని పిలువ.

సరే ఇగ, నీకు చదువుకునే టైమయింది. పైన నీ రూంల బల్బు గుడ్డిగున్నది, సూసిన నేను, రేపు మారుస్త. మంచి ఎలుతుర్ల కూసో బిడ్డా. సల్లంగుండు. నీ నౌకరి నీకు దొరకాలె, నువ్వు కోరిన రంగే నీ ఇంటికి... ఆ, వస్తున్న భారతీ, స్వప్ననే, ఇక్కడనే ఉన్నది. పో, అవ్వ పిలుస్తుంది, ఏదో పెడ్తదట తినిపో.