గీకేసిన నంబరు

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా సెల్ రిపేరు అంగడి. మధ్యాహ్నపు ఎండ. ఖాజా పీర్, ఆయన కూతురు షీరీన్.

"పీకొద్దంటాండా గదా షీరీన్."

"పీకకుండా యట్ల చేయల్ల నాయనా? నువ్వు పెట్టిన చిప్పు కాలిపోయింది. దాని మింద నంబరు లేదు. బ్లేడుతో నువ్వే గీకేసినావు. పోనీ అదేం చిప్పో చెప్పమంటే చెప్పవు."

"గీకకుండా ఇస్తారా ఎవురన్నా? ఈ బజార్లో గీకకుండా ఇచ్చినోన్ని ఒక్కన్ని చూపించు. నంబరు కనపడితే పక్కంగడోడు చూసి రేపే అది పెడతాడు. ఇంగ మన దగ్గరికి ఎవురొస్తారు?"

"పక్కంగడోని కోసం గీకితివి, సరే. నేను పక్కంగడిదాన్నా?"

"నువ్వు నేర్చుకోవల్ల. అన్నీ నోట్లో పెడితే యట్ల నేర్చుకుంటావు?"

"నేర్చుకునేదానికి ఇది టైమా? ఆ పిల్ల పొద్దన్నుంచి ఎదురంగడి నీడలో కూచోనుండాది."

"ఏ పిల్ల?"

"రూతు నాయనా. బత్తలపల్లె రూతు. ఈ ఫోను ఆ పిల్లదే గదా. చూపు లేదు ఆ పిల్లకు. పోయినేడు దీన్ని బాగుచేసి ఇచ్చింది నువ్వే."

"ఆఁ... రూతు. తెలుసులే. ఈ ఎండకు తల పనిచేయడం లేదు. టీ చెప్పినావా?"

"ఇప్పుడే గదా తాగితివి. గ్లాసు నీ ముందరే ఉండాది."

"అదీ ఒక టీనా? ఉడుకునీళ్ళు. సరే, ఫోను ఇట్ల తే. చూడు, నీకు చేతగాకపోతే చేతగాదని చెప్పు. నా పని పీకేసేదానికి మాత్రం నేను ఒప్పుకోను."

"నీ పనికి వంక పెట్టడం లేదు నేను. ఈ ఫోను నక్షా, అదే సర్క్యూట్ బొమ్మ, మొత్తం నెట్లో ఉండాది గదా. చూపు లేనోళ్ళ కోసం ఎవురో పిల్లోళ్ళు తయారుచేసినారు దీన్ని. ఏ లైను యాడికి పోతాది, ఏ చిప్పు ఏం చేస్తాది, అంతా గీసి పెట్టినారు. ఎవురన్నా చూసుకోవచ్చు, ఎవురన్నా చేసుకోవచ్చు. ఆ కంపెనీ మూతపడింది గానీ నక్షా మూతపళ్ళేదు. దాని ప్రకారం పోదామంటే, బోర్డు నక్షాలో ఉండేట్ల లేదు. నువ్వు లైన్లు కోసి, తీగలేసి, వేరే చిప్పేదో పెట్టినావు."

"అసలు చిప్పు దొరకలేదు. దొరికింది పెట్టినా. పనిచేసిందా, లేదా?"

"చేసింది."

"మరి!"

"ఇప్పుడు చేయడం లేదు గదా నాయనా. పొద్దన్నుంచి దాని గురించే మాట్లాడతాండాం."

"ఊరికే ఇచ్చే నక్షాను నమ్ముతావు, కన్నతండ్రిని నమ్మవు. అన్నీ బజార్లో పెట్టేసినాక మెకానిక్కుకు విలువేముండాది? నేను యట్ల నేర్చుకున్నానో తెలుసా? రేడియోల కాలం. బళ్ళారిలో మా వస్తాదు, మా గురువు, తాను పని చేసేటప్పుడు నేను చూడకుండా నన్ను గోడ పక్కకి తిరిగి నిలబడమనేవాడు."

"కాలిన వాసన పట్టి నేర్చుకున్నావు. తెలుసు. పొద్దున కూడా చెప్తివి."

"పొద్దున చెప్పినానా?"

"చెప్తివి. ఆ వస్తాదు నిన్ను గోడకి తిప్పినాడు. నువ్వు లక్ష్మీపతిని తిప్పితివి. ఇప్పుడు నన్ను తిప్పుతాండావు. సాలు నాయనా. నాకు ఓపిక లేదు."

"ఏ లక్ష్మీపతి?"

"నీ లక్ష్మీపతే. మన అంగట్లో పనిచేసి పోయి, బత్తలపల్లెలో సొంతంగా పెట్టుకున్నాడే, వాడు."

"వాడా? ఒక్క నంబరన్నా చెప్పలేదని అలిగి పోయినోడు. వాని పేరెందుకు ఇప్పుడు?"

"ఎందుకంటే, ఆ నక్షా పేజీలోనే వాడు రాసి పెట్టినాడు. అసలు చిప్పు దొరక్కపోతే దాని బదులు ఏది పెట్టచ్చో, ఫోటో తీసి, నంబరుతో సహా. ఆ చిప్పు మన దగ్గర ఉండాది. నువ్వు కోసిన లైన్లు మళ్ళా అతికించి, నక్షాలో ఉన్నట్ల చేసి, వాడు చెప్పింది పెడితే సాయంత్రానికి అయిపోతాది."

"నా అంగట్లో కూచోని, నా పని పీకేసి, నా కింద పనిచేసినోడు చెప్పింది పెడతావా?"

"ఈ పిల్ల మొదట పోయింది వాని దగ్గరికే, తెలుసా నీకు? వానిది ఆ పిల్ల ఊరే గదా. మూత తీసి చూసి, 'ఇది మా పీరన్న చెయ్యి పెట్టింది, ఆయన్ని అడక్కుండా నేను ముట్టుకోను, కళ్యాణదుర్గం పో' అన్నాడంట."

"అట్లన్నాడా?"

"గీకిన గీత చూసే గుర్తుపట్టినాడంట."

"మా పీరన్న అన్నాడా? మా అని?"

"అవును నాయనా. మా పీరన్న అన్నాడు. ఇప్పుడు ఆ పీరన్న నోరు తెరిస్తే ఆ పిల్ల బస్సెక్కి పోతాది."

"అక్కా, అయిందా?"

"రామ్మా రూతూ. గడప ఉండాది, చూసుకో. ఆఁ, ఈ స్టూలు మింద కూచో. ఇంగా కాలేదమ్మా."

"మా అన్న రెండు తూర్లు ఫోన్ చేసినాడక్కా, ఆ ఎదురంగడోళ్ళ నంబరుకు. ఫోను పలకకపోతే రేపు గుమ్మఘట్టకు పోయేది లేదంటాండాడు."

"గుమ్మఘట్టకు ఏంటికి పోతాండావమ్మా?"

"రేపు ఆడ బళ్ళో టీచరుగా చేరల్ల పీర్ మామా. పొద్దున నీకు చెప్తిని గదా."

"ఆఁ, చెప్తివి, చెప్తివి."

"ఆ ఫోను నాకు బస్సు బోర్డు చదివి చెప్తాది. పిల్లోళ్ళు రాసిన కాగితాలు చదివి చెప్తాది. బటన్లు తడిమి నొక్కుకుంటా. అద్దం ఫోన్లు నాకు అలవాటు లేదు. రేపు పోకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. మా అన్నకు కావల్సింది అదే. ఇంట్లో కూచో, నిన్ను చూసుకోలేమా అంటాడు. చూసుకుంటాడు మామా, మంచోడే. కానీ బాత్రూముకు పోవల్లన్నా ఒకరిని పిలిచి పోయే బతుకు నాకొద్దు."

"చేసిస్తాంలే అమ్మా. నేనుండా గదా."

"నువ్వు చేసినాక ఎంత బాగా పలికింది మామా అది! మా ఊర్లో అందరికీ నీ పేరే చెప్పినా. సరే అక్కా, నేను ఆడే నీడలో ఉంటా. ఈడ ఉంటే మీకు అడ్డం."

"జాగ్రత్త, మెట్టుండాది... విన్నావా నాయనా?"

"విన్నా."

"నన్ను పీకనియ్యవు, మరి చెప్పు. ఏం పెట్టినావు?"

"నువ్వే చెప్పు చూద్దాం."

"యా అల్లా! మళ్ళా అదేనా? ఈమధ్య ఏం అడిగినా ఇదే మాట. పోయిన్నెల తిప్పయ్య ఫోనుకు ఇట్లే చేస్తివి. మొన్న సరళ టీచరమ్మ ఫోనుకు ఇట్లే చేస్తివి. నువ్వే చెప్పు చూద్దాం, నువ్వే చెప్పు చూద్దాం. నేను తల పగలగొట్టుకోని చెప్తే, ఆఁ అదే అంటావు."

"సరిగ్గానే చెప్తివి గదా రెండు తూర్లూ. నేర్చుకున్నావా లేదా?"

"నేర్చుకున్నాలే. నీ పరీక్షలు ఎప్పుడు అయిపోతాయో ఏమో. సరే, చూడు. ఈ లైను మిందికి ఎంత వోల్టు రావల్లనో నక్షాలో ఉండాది. మీటరు పెట్టి చూసినా. నువ్వేసిన తీగలు పోయే దారి చూస్తే, ఇది పాత బటను ఫోన్లలో చార్జింగ్ చిప్పు మాదిరుండాది. ఆ నల్ల డబ్బాలో దాచి పెట్టినావే, అట్లాంటిది."

"ఆఁ. అదే."

"ఆగు, ఇంగా అయిపోలేదు. డబ్బాలో అట్లాంటివి రెండు రకాలుండాయి. రెండింటి నంబర్లూ నువ్వే గీకేసినావు, ఒకదాని మింద చిన్న చుక్క తప్ప చూసేదానికి రెండూ ఒకటే. సరైంది పెడితే పలుకుతాది. రెండోది పెడితే బోర్డు కాలి బొగ్గయిపోతాది. మళ్ళా ఇంగ ఎవురూ ఏం చేసేదానికి ఉండదు. నువ్వు పెట్టింది ఏది?"

"నువ్వే చెప్పు చూద్దాం."

"నాయనా!"

"చెప్పు, చెప్పు."

"నేనైతే... ఈ చిన్న చుక్క ఉండేది అనుకుంటాండా."

"ఆఁ. అదే."

"ఖాయమేనా?"

"చెప్తిని గదా. పెట్టు."

"ఆ పిల్ల బతుకు నాయనా ఇది."

"పెట్టమంటి గదా."

"సరే, బ్లోయర్ పెట్టినా. వేడెక్కనీ. చిప్పు పట్టుకునేదానికి చిమ్టా ఇట్ల అందియ్యి. మధ్యాహ్నం అన్నం కూడా తినకపోతివి. అమ్మ పంపిన డబ్బా అట్లే ఉండాది చూడు... ఆఁ, వేడెక్కింది. పెడతాండా."

"షీరీన్."

"ఊఁ."

"ఆగు."

"చిప్పు చేతిలో ఉండాది నాయనా, ఏంది?"

"పెట్టొద్దు. ఆఫ్ చెయ్యి దాన్ని."

"ఏమాయె? రెండోదా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"నువ్వు రెండోదని అనింటే కూడా, ఆఁ అదే అనింటాను."

"నాకు అర్థం కాలేదు."

"ఆఫ్ చెయ్యమ్మా ముందు. ఆ గాలి సప్పుడుకు నాకు మాట రావడం లేదు."

"చేసినా. చెప్పు. ఇంగా దాస్తాండావా? నా దగ్గర కూడానా?"

"దాచేదానికి ఏముండాదమ్మా? తలకాయలో లేదు. పోయినేడు నేనే పెట్టినా. నా చేతులతోనే పెట్టినా. ఆ పిల్ల చెవి కాడ ఫోను పెట్టుకోని నగింది, అది గుర్తుండాది. ఏం పెట్టినానో గుర్తు లేదు. ఎంత తవ్వినా రావడం లేదు."

"ఎండకు... ఎండకు అట్లైతాది నాయనా ఒక్కోసారి. అన్నం తినకపోయినా."

"ఎండ కాదు."

"మరి తిప్పయ్య ఫోను? సరళ టీచరమ్మ ఫోను? నువ్వు నాకు పరీక్ష పెడితివి గదా?"

"అది పరీక్ష కాదమ్మా."

"అప్పుడు కూడా గుర్తు లేకనే నన్ను అడిగితివా?"

"ఏడ్వొద్దు. ఎవురన్నా వస్తారు."

"ఎప్పట్నుంచి?"

"మీ అమ్మకు చెప్పొద్దు."

"ఎప్పట్నుంచి నాయనా?"

"రంజాను ముందర్నుంచి. మొదట నంబర్లు పోయినాయి. తర్వాత తీగలు. మొన్న మసీదు నుంచి వస్తా, మన అంగడి దాటి అంతదూరం పోయినా. టీ అంగడి ఓబుళేసు పిలిచి తీసుకొచ్చినాడు. పని మింద పోయినానని చెప్తి వానికి."

"ఇన్నాళ్ళూ నేను నిన్ను తిట్టుకుంటాండా నాయనా. పిసినారోడు, కన్నకూతురికి కూడా చెప్పడు అని. రోజూ తిట్టుకుంటాండా."

"తెలుసు. మతి పోయినోడు అనేదానికన్నా పిసినారోడు అనేదే మేలనుకుంటి. పిసినారోని దగ్గరికైతే జనం వస్తారు."

"చెప్పింటే ఏమైతుండె?"

"ఏం చెప్పల్ల? ఈ బజారంతా నా బుర్రను నమ్ముకోని వస్తాది. ఎవురికీ తెలియకూడదని గీకితి. అంతా ఈడ పెట్టుకున్నా, ఈ తలకాయలో. భద్రంగా ఉంటాదనుకుంటి."

"సరే, ఊరుకో. నువ్వు కూడా ఏడుస్తాండావు. ఎవురన్నా వస్తారంటివి గదా."

"షీరీన్, పీకెయ్."

"ఏంది?"

"నేను పెట్టిందంతా పీకెయ్. తీగలు, చిప్పు, అన్నీ. నక్షాలో యట్లుంటే అట్ల చెయ్యి. లక్ష్మీపతి రాసింది పెట్టు. వానికి ఫోన్ చేసి ఒకతూరి అడుగు, అదేనా కాదా అని. పీరన్నే అడగమన్నాడని చెప్పు."

"చెప్తా."

"పెట్టినాక..."

"ఊఁ."

"గీకొద్దు."

"గీకను నాయనా."

"అక్కా! మూడు గంటల బస్సు వచ్చిందంట. నేను పోవల్లా, ఉండల్లా?"

"ఉండు రూతూ. సాయంత్రం బస్సుకు పోదువు. పలికించే పంపిస్తాం."

"పీర్ మామ చూస్తాండాడా?"

"ఆఁ. మామ, నేను ఇద్దరం చూస్తాండాం."

"అయితే సరే. ఇంగ భయం లేదు."

"విన్నావా? భయం లేదంట ఆ పిల్లకు."

"వింటి."

"నాయనా, స్టూలు ఇట్ల జరుపుకో. ఇంగా కొంచెం. నక్షా ఈడ తెరిచినా, కనపడతాండాదా? ఈ మూల నుంచి మొదలు పెడతా. ఈ మొదటి లైను యాడికి పోతాదో తెలుసా నీకు?"

"నువ్వే చెప్పమ్మా. రవ్వంత మెల్లగా చెప్పు."